తిరిగే కుర్చీలో ఒడిబియ్యం

అది వైశాఖమాసం, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. నాందేడ్‌లో ఒక మేడమీది ఏసీ గదిలో మా చిన్నకూతురికి ఒడిబియ్యం పోశాం. ఇంట్లో కాదు, గుడిలో కాదు. కుర్చీలు కిరాయికిచ్చే చోట. ఆ సంగతి విని మా చుట్టాల్లో నవ్వినవాళ్లున్నారు, ముఖం తిప్పుకున్నవాళ్లున్నారు. ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. సుతిమెత్తగా రాయడం రాదు. సుతిమెత్తగా మాట్లాడటం అంతకుముందు కూడా రాదు.

ఒడిబియ్యం అంటే ఏమిటో తెలియనివాళ్లుంటారు. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, పీటమీద కూర్చోబెట్టి, పసుపు నెయ్యి కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోస్తాం. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, రవికె గుడ్డ కూడా అందులోనే పెడతాం. ఐదుగురు ముత్తైదువలు పొయ్యాలి. పిల్ల రెండు చేతులతో కొంగు పట్టుకుని కూర్చోవాలి. ఐదుగురూ పోసేదాకా లేవకూడదు. సరి సంవత్సరంలో పొయ్యరు, బేసి సంవత్సరంలోనే. మా చిన్నదానికి పెళ్లయి ఐదో ఏడు నడుస్తోంది.

మా చిన్నది పుణేలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. మందుల దుకాణాల్లో బిల్లు కొట్టే ప్రోగ్రాం వాళ్ల కంపెనీది. ఈమధ్యనే మా పిల్లను కొందరి మీద పెద్దగా పెట్టారు. పెద్దగా పెట్టారే గానీ ఇంకా పక్కా చెయ్యలేదు, చూస్తున్నారు. అందుకే వారం సెలవంటే పూర్తి సెలవు కాదు. పొద్దుటి పూట పని, మధ్యాహ్నం నుంచి సెలవు. అలా ఒప్పుకుంటేనే రానిచ్చారట. బుధవారం మాత్రం ఒడిబియ్యం ఉంది కాబట్టి పూర్తిగా ఇచ్చారు.

వచ్చిన మొదటి పొద్దున మా ఇంట్లోనే కూర్చుంది. మా ఆయనకు చెవులు మందం, టీవీ ఊరందరికీ వినిపించేలా పెడతాడు. గోకుంద నుంచి మా అక్క వచ్చింది, ఆమె గొంతు టీవీని మించిన గొంతు. కోడలు మిక్సీ వేసింది. అంతలో కరెంటు పోయింది. మా చిన్నది ఫోన్లో ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, వెనక నుంచి మా ఆయన "చాయ్ అయిందా లేదా" అని అరిచింది పుణే దాకా వినపడ్డదట. మరునాడు అది ఫోన్లో వెతికి ఒక చోటు పట్టుకుంది. రోజుకింత అని కిరాయి కడితే ఒక బల్ల, ఒక కుర్చీ, ఇంటర్నెట్టు, ఏసీ ఇస్తారు.

మా అక్క ఊరుకుంటుందా?

"సెలవు పెట్టి అచ్చి కుర్సీ కిరాయికి తీస్కుంటదట! మనింట్ల కుర్సీలు లేవా చెల్లె?"

"కుర్సీ కాదు పెద్దమ్మా, నిమ్మళం కిరాయికి తీస్కుంటున్న" అంది మా చిన్నది సంచి భుజాన వేసుకుంటూ.

"నిమ్మళం గూడ అమ్ముతుండ్రా? ఇంకేమేం జూడాలెనో ఈ కండ్లతోని."

నేను కూడా అన్నాను. దాచేదేముంది. "సెలవంటే సెలవే. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, గదేం అచ్చుడు? ఉద్యోగం జేస్తే అక్కడుండి చెయ్యి."

"రెండు కాళ్లు బయట పెడ్తే నన్నక్కడ మర్చిపోతరమ్మా" అంది, పోయింది.

పక్కింటామె ఆ సాయంత్రమే గేటు దగ్గర నన్నాపింది. "వదినా, అల్లునితోని ఏమన్న లొల్లయిందా? బిడ్డ పొద్దుగాల సంచి పట్టుకొని ఎటో పోతున్నది." ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. అల్లుడి మీద అనుమానమేం లేదు, ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. కానీ ఆ చోటేమిటో నా కళ్లతో చూడాలనిపించింది. మరునాడు టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాను.

మెట్లెక్కితే అద్దాల తలుపు. దాని మీద మరాఠీలో ఒక బోర్డు. చదువు ఆలస్యంగా వచ్చిన నాలాంటివాళ్లు మనసులో చదవలేరు, పైకే చదువుతారు. "శాంతతా... రాఖా..." అని గట్టిగా చదివాను. నిశ్శబ్దంగా ఉండండి అని. లోపల కౌంటరు దగ్గరున్న అమ్మాయి నోటిమీద వేలు పెట్టుకుని పరుగెత్తి వచ్చింది. "ఆజీ, హళూ, హళూ" అంది. మెల్లగా అమ్మమ్మా అని.

మన నాందేడ్‌లో పరీక్షలకు చదివే పిల్లల కోసం వీధికొక అభ్యాసిక, అదే కిరాయి చదువుగది, ఉంది కదా, సందుకొక బల్ల, బల్లకొక పిల్ల. ఇది కూడా ముందు అదేనట. సగం అలాగే ఉంచి, సగం కంప్యూటర్ పనివాళ్లకు కిరాయికిస్తున్నారు. మా చిన్నది గుసగుసగా చెప్పింది. కిటికీ దగ్గరున్నామె నాయ్‌గావ్ నుంచి బస్సులో వస్తుంది, ఇన్సూరెన్సు కాగితాలు చూస్తుంది. మూలకు కూర్చున్న పిల్ల పంజాబు నుంచి అత్తమామలతో గురుద్వారా దర్శనానికి వచ్చింది. పొద్దున అత్తగారితో దర్శనం, మధ్యాహ్నం ఇక్కడ పని. చేతుల నిండా మోచేతుల దాకా ఎర్ర గాజులు. కొత్త పెళ్లికూతురు. ఆ గాజులతోనే మీటలు కొడుతోంది. ఆ నిశ్శబ్దంలో అదొక్కటే చప్పుడు.

"ఈమె గూడ సెలవు మీదచ్చి పని జేస్తున్నదా?" అన్నాను.

"అవునమ్మా. మెల్లగ."

అప్పుడే దానికి ఫోనొచ్చింది. నన్ను కూర్చోమని చెప్పి, ఒక మనిషి మాత్రం పట్టే అద్దాల గదిలోకి పోయి తలుపేసుకుంది. మాట వినిపించదు, మనిషి కనిపిస్తుంది. నిటారుగా నిలబడి చెబుతోంది. ఒకసారి చెయ్యెత్తి ఆపింది ఎవరినో. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో అది అందరికన్నా చిన్నది, కూర వండబోయినా మాడుస్తుందని పక్కకు తోస్తాం. అక్కడ అది మాట చెబితే ఎవరో వింటున్నారు. డబ్బా బల్లమీద పెట్టి, చెప్పకుండానే దిగి వచ్చేశాను. పక్కింటామె మళ్లీ అడిగితే, "లొల్లి లేదు ఏం లేదు, నా బిడ్డ డ్యూటీకి పోతున్నది" అన్నాను.

బుధవారం పొద్దున పదకొండుకు పంతులు ముహూర్తం పెట్టాడు. మరునాటి నుంచి మూఢం, మంచి పనులు చెయ్యరు. మూఢం పోయేసరికి దానికి ఐదో ఏడు దాటిపోతుంది. బియ్యం కలిపాం. మా చిన్నది తలస్నానం చేసి కొత్త చీర కట్టుకుంది. అప్పుడొచ్చింది ఫోను. దాని బదులు పని చూసుకుంటానన్న అతను బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ రోజు దుకాణాలన్నిటికీ కొత్త బిల్లు ప్రోగ్రాం పోవాలి. సాయంత్రం గిరాకీ మొదలుకాకముందే, నాలుగు లోపల.

"ఒక్క పూట ఆగరా వాండ్లు?" అంది అక్క.

"ఆగరు పెద్దమ్మా. నాలుగింటి లోపల పోకపోతే ఈ పని ఇంకొకల చేతుల పెడ్తమన్నరు. ఒకసారి పోతే మళ్ల నాకు రాదు." చెబుతూనే కంప్యూటర్ సంచిలో పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు లేవు. నీళ్లుంటే నేను తిట్టేదాన్నేమో. "అమ్మా, పోనా?" అంది.

"పో" అన్నాను.

కొత్త పట్టుచీర మీదే, భుజాన సంచితో ఆటో ఎక్కింది.

పదకొండు దాటింది. బియ్యం పొయ్యడానికి పిలిచిన పక్కిళ్ల ముత్తైదువలు చాయ్ తాగి, చూసి చూసి, తమ పనులున్నాయని పోయారు. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం, ఎటూ కుదరదు. ఒకటిన్నర దాటాక మా చిన్నదే ఫోన్ చేసింది.

"అమ్మా, నా చేతి పని అయింది. ఇగ మిషన్ దానంతటదే పరీక్ష జేస్తది, చానసేపు పడ్తది. సరిగుంటే పచ్చ గుర్తు, తప్పుంటే ఎర్ర గుర్తు చూపిస్తది. గప్పటిదాంక నేను ఊకె చూస్తుండుడే. కాని ఇంటికచ్చి పోయేటంత టైం లేదు. ఎర్రది అస్తే అప్పటికప్పుడు దిద్దాలె."

నేను ఫోను పక్కన పెట్టి, "అక్కా, లే. మనమే పోదాం" అన్నాను.

"ఏడికి?"

"దాని కుర్సీ కాడికి. ఊకె చూస్తున్నదట. ఆ సందుల బియ్యం పోద్దాం."

"ఒడిబియ్యం ఆఫీసుల పోస్తరా! పుట్టింట్ల పొయ్యాలె."

"మనం పోతే అదే పుట్టిల్లు. గోడలు పోస్తయా బియ్యం?"

అక్క నన్ను తిడుతూనే చెప్పులు వేసుకుంది. ఒక ఆటోలో నేను, అక్క, కోడలు. ఒళ్లో బియ్యం గిన్నె, కాళ్ల దగ్గర పీట.

కౌంటరు అమ్మాయి పీటను చూసి బెదిరిపోయింది. "ఆజీ, పూజా వగైరే ఇథే నాహీ చాలత." ఇక్కడ పూజలు గీజలు కుదరవంది. పూజ కాదమ్మా, మీరు ఓటీ నింపుతారు చూడు, అదే మా ఒడిబియ్యం అని నాకొచ్చిన మరాఠీలో చెప్పాను. ఆ పిల్ల ముఖం మారింది. పట్టుచీరలో కూర్చుని కంప్యూటర్ చూస్తున్న మా చిన్నది వైపు ఒకసారి చూసింది. పొద్దున్నుంచి ఆ చీర ఎందుకో తనకు అర్థం కాలేదట. మీటింగు గది నాలుగింటి దాకా ఖాళీగానే ఉంది, తలుపేసుకుని కానివ్వండి అంది. దీపం మాత్రం వెలిగించొద్దు, పొగకు అలారం మోగుతుంది.

"దీపం లేకుండనా?" అంది అక్క.

"మీద ట్యూబులైట్లు ఆరు ఉన్నయి పెద్దత్తమ్మా, సాలవా?" అంది కోడలు. మా కోడలు మాట్లాడేదే తక్కువ, మాట్లాడితే అలా ఉంటుంది.

కంప్యూటర్‌ను తెచ్చి బల్లమీద కనపడేలా పెట్టుకుంది మా చిన్నది. తివాచీ మీద పీట వేశాం. అప్పుడు అక్క చెయ్యి ఆగిపోయింది. "ముగ్గురమే ఉన్నం. ఐదుగురు లేంది బియ్యం ముట్టద్దు."

మా చిన్నది లేచి బయటికి పోయి, ఏం చెప్పిందో ఏమో, ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. నాయ్‌గావ్ ఆమె తెలుగు మనిషే. "మాకు పోసి మూడేండ్లాయె పెద్దమ్మా, నాకెరికే" అని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రెండోది పంజాబు పిల్ల. అక్క ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. గాజుల దగ్గర చూపు ఆగింది.

"గీమె ఇంకా పెండ్లి పందిట్లకెంచి లేచి అచ్చినట్టే ఉన్నది. పర్వాలేదు" అంది.

"మాజీ, కర్నా క్యా హై?" అని అడిగింది ఆ పిల్ల, ఏం చెయ్యాలమ్మా అని.

"హమ్ జైసా కరే, వైసా కరో బేటీ" అంది అక్క, మేం చేసినట్టే చెయ్యి బిడ్డా అని. గోకుందలో సగం బతుకు హిందీలోనే గడుస్తుంది.

రెండు గంటల ఇరవై నిమిషాలకు అక్క మొదటి దోసిలి పోసింది. తర్వాత కోడలు. తర్వాత నేను. మా చిన్నది రెండు చేతులతో కొంగు పట్టుకుని, తల వంచాల్సింది పోయి, తల పక్కకు తిప్పి కంప్యూటర్ చూస్తోంది. నా దోసిలి ఖాళీ అయిందో లేదో, దాని చేతుల్లో కొంగు ఒక పక్కకు జారింది. కొన్ని గింజలు తివాచీ మీద పడ్డాయి. తెర మీద ఎర్ర గుర్తు వచ్చింది. బల్లమీద ఫోను గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది.

"అమ్మా" అంది. అంతే.

అక్క దాని భుజం మీద చెయ్యి వేసి అదిమింది. "కదలకు బిడ్డా. నడిమిట్ల లేవద్దు. ఇంక ఇద్దరే."

"లే" అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్ చెల్లె. నిండని ఒడితోని లేస్తే మంచిది కాదు."

"దాని పని పోతే మంచిదా? లే బిడ్డా."

అది మా ఇద్దరి వైపు మార్చి మార్చి చూస్తోంది. ఫోను మోగుతూనే ఉంది. అప్పుడు నాకు మా ఇద్దరి చిన్నతనం గుర్తొచ్చింది. మేం బీడీలు చేసి పెరిగిన వాళ్లం. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. పొద్దు వంగేలోపు కట్టలు కట్టి, పని ఇచ్చే ఠేకేదారుకు అప్పజెప్పాలి. ఆలస్యమైతే మరునాడు ఆకు ఇవ్వడు.

"అక్కా, నీ పెండ్లి చూపులనాడు నువ్వు చాట దింపినవా?" అన్నాను. "పిల్లగానోళ్లు అచ్చి కూసుంటే, అమ్మ నీ తలకు నూనె రాసి, నువ్వు బీడీలు చుడుతుంటెనే పూలు పెట్టింది. కట్టలు పోవాలెనని."

అక్క నా ముఖం చూసింది. పంజాబు పిల్ల బియ్యం దోసిట్లో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అక్క మా చిన్నదాని భుజం మీది చెయ్యి తీసింది. కొంగు కుడి చెంగు తాను పట్టుకుంది.

"నువ్వా దిక్కు పట్టు చెల్లె" అంది. "లే బిడ్డా. నువ్వు నీ కట్టలు కట్టుకో. ఒడి మేం పట్టుకుంటం."

ఇద్దరం చెరోవైపు కొంగు పట్టుకుని, నిండు కుండను మోసినట్టు దాన్ని కుర్చీ దాకా తీసుకుపోయాం. కూర్చోగానే ఆ కుర్చీ గిర్రున తిరిగింది! చక్రాల కుర్చీ. బియ్యం ఇంకాస్త చిందింది. "అయ్యో అయ్యో" అంటూ కౌంటరు అమ్మాయి ఉరికొచ్చి కుర్చీ వీపును రెండు చేతులతో బిగించి పట్టుకుంది. అక్క కుడి పక్కన, నేను ఎడమ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాం. మధ్యలో మా చిన్నది ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టి, వేళ్లు ఆడిస్తోంది.

నాయ్‌గావ్ ఆమె వంగి, దాని మోచేతుల కింది నుంచి బియ్యం పోసింది. పంజాబు పిల్ల కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, నిదానంగా, ఒక్క గింజ జారకుండా పోసింది. గాజులు గలగలమన్నాయి. ఫోన్లో అటువైపు మనిషి ఏదో అడిగాడు. మా చిన్నది, "సార్, ఘర్ కా ఫంక్షన్ హై. నేను లైన్లోనే ఉన్నా" అని, ఇంట్లో కార్యమని హిందీ తెలుగు కలిపి చెప్పి, మళ్లీ ఇంగ్లీషులో పడింది.

ఒడి నిండింది. పని మాత్రం కాలేదు. మేం అలాగే పట్టుకుని ఉన్నాం. ముడి వేద్దామంటే అది ముందుకు వంగి ఉంది.

"చెల్లె, నా మోకాలు పోయింది."

"నాది ఎప్పుడో పోయింది. పట్టు."

"ఎర్రది పోయిందా బిడ్డా?"

"ఒక్కటి దొరికింది పెద్దమ్మా. గిదే తప్పు. ఆగు."

ఏదో కొట్టింది. మళ్లీ మిషన్ పరీక్ష మొదలైంది. ఈసారి తప్పు వచ్చిన చోటు మాత్రమే చూస్తుందట, తొందరగా అవుతుందట. తలుపు దగ్గర బట్టతలాయన ఒకడు, రోజూ షేర్ల పని చేసుకునేవాడట, తొంగి చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. నాకు ఇంగ్లీషు గుర్తులు తెలియవు, రంగు తెలుసు. ఒక్కొక్క వరుస పచ్చబడుతూ వచ్చింది. ఆఖరిది చాలాసేపు ఊరించింది. తర్వాత అదీ పచ్చబడింది. మా చిన్నది ఒక మీట గట్టిగా నొక్కి, గోడ గడియారం చూసింది. నాలుగు కావడానికి ఇంకా కొంచెముంది.

ఫోన్లో ఆ పుణే పెద్దసారు ఏదో అన్నాడు. అది రెండుసార్లు "యెస్ సార్" అని పెట్టేసింది.

"ఏమన్నడు?" అని నేను.

"అన్ని దుకాణాలకు పోయిందట. వచ్చే వారం కూడ నేనే చూడాల్నట." ఇంకో మాట చెప్పడానికి నవ్వొచ్చింది దానికి. "సెలవు హాయిగ గడపమన్నడు."

అప్పుడు ఏడ్చింది. కొంగు మా చేతుల్లో ఉంది కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి దానికి కొంగు లేదు. కోడలు తన కొంగుతో తుడిచింది. అక్క లేవలేకపోతే నాయ్‌గావ్ ఆమె చంక కింద చెయ్యేసి లేపింది. ముడి వేసి, బొట్టు పెట్టి, ఆ ఇద్దరికీ రవికె గుడ్డలు, కుడుకలు ఇచ్చింది అక్క. పంజాబు పిల్ల కుడుకను తిప్పి తిప్పి చూసి, అత్తగారికి చూపిస్తానని సంచిలో పెట్టుకుంది.

కౌంటరు అమ్మాయి చీపురు తెచ్చింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఒడిబియ్యం ఊడ్వకూడదు, తొక్కకూడదు, చేత్తో ఏరాలి. అందరం తివాచీ మీద వంగాం. షేర్లాయన కూడా చెప్పులు విప్పి వచ్చి, కుర్చీ చక్రాల కింద ఇరుక్కున్న గింజలు గోటితో తీసిచ్చాడు. మా చిన్నది కూడా వంగబోతే అక్క కసిరింది.

"నువ్వు కూసో. ఒడి జారుతది. పని జేసినవ్ గదా, సాలు."

అల్లుడు ఆదివారం వచ్చాడు, తీసుకుపోయాడు. ఆఫీసులో ఆ పెద్దరికం ఇప్పటికీ మా చిన్నదాని చేతిలోనే ఉంది. నడిమిట్ల లేచిందని దెప్పేవాళ్లు దెప్పుతున్నారు. దెప్పనీ. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లకు ఏం జరిగిందో తెలుసు. ఉన్నది ఎవరంటే: కుర్చీలో మా చిన్నకూతురు. కుడి చెంగు పట్టిన గోకుంద అక్క. ఎడమ చెంగు పట్టిన నేను. మా కోడలు. నాయ్‌గావ్ నుంచి వచ్చిన ఇన్సూరెన్సు ఆమె. ఎర్ర గాజుల పంజాబు కోడలుపిల్ల. కుర్చీ తిరగకుండా పట్టుకున్న కౌంటరు అమ్మాయి. గింజలు తీసిన షేర్లాయన. ఫోన్లో ఉన్న పుణే సారు. ఆయనకు తెలియకపోయినా ఆయన కూడా ఉన్నట్టే లెక్క.